పెద్దయ్యాక సరిపోతుందని చెప్పకండి

ప్రసూతి గదిలో బిడ్డ బరువు గ్రాములతో సహా రాస్తారు. పుట్టిన ఘడియ నిమిషాలతో సహా రాస్తారు, జాతకానికి కావాలి కాబట్టి. తల చుట్టుకొలత కూడా ఇప్పుడు చాలాచోట్ల రాస్తున్నారు. కళ్ల దగ్గరికి వచ్చేసరికి ‘నార్మల్’ అని ఒక్క మాట పడుతుంది. ఆ మాట రాసే సమయానికి బిడ్డ అసలు కళ్లు తెరిచిందా అని అడిగితే చాలాసార్లు జవాబు ఉండదు. పుట్టిన మొదటి రెండు రోజులు రెప్పలు ఉబ్బి ఉంటాయి. వెలుతురు పడితే బిడ్డ ఇంకా గట్టిగా మూసుకుంటుంది. అందుకు ఎవరినీ తప్పు పట్టలేం. ఆ ఉబ్బు తగ్గాక కూడా ఎవరూ మళ్లీ చూడకపోవడం దగ్గరే నా పేచీ.

నేను విశాఖపట్నంలో పిల్లల కంటి విభాగంలో పనిచేసే ఆప్టోమెట్రిస్టుని. రోగం పేరు పెట్టేది, ఆపరేషన్ చేసేది డాక్టర్లు. కళ్లు కొలవడం, అద్దాల పవరు తేల్చడం, తల్లులతో కూర్చుని మాట్లాడటం నా పని. పుట్టుకతోనే ఒక కన్నో రెండు కళ్లో మామూలుకంటే బాగా చిన్నవిగా ఉన్న పిల్లలు మా దగ్గరికి వస్తుంటారు. దీన్ని మైక్రోఫ్తాల్మియా అంటారు. కన్ను ఏర్పడనే లేకపోతే అనాఫ్తాల్మియా. మొదటిది సుమారు 7,000 జననాలకు ఒకటి, రెండోది సుమారు 30,000కు ఒకటి అని వైద్య గ్రంథాలు చెబుతాయి. కాబట్టి ఊరూరా కనిపించే సమస్య కాదు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ పిల్లలు వచ్చే వయసు. మొదటి పుట్టినరోజు చేసి, సింహాచలంలో పుట్టువెంట్రుకలు తీయించి, అప్పుడు వస్తారు. ఇన్నాళ్లు ఎందుకు ఆగారమ్మా అంటే ఒకటే జవాబు: “పెద్దయ్యాక సరిపోతుందన్నారండీ.”

అమ్మమ్మ అంటే అర్థం చేసుకోవచ్చు. పక్కింటావిడ అన్నా సరే. కానీ పేరు పక్కన డిగ్రీలు ఉన్నవాళ్లు కూడా అదే మాట అని పంపించారని విన్నప్పుడు నాకు ఒళ్లు మండుతుంది.

సరిపోదు. పుట్టినప్పుడు కంటి పొడవు, అంటే ముందు నుంచి వెనక్కి, సుమారు 17 మిల్లీమీటర్లు. పెద్దవాళ్లలో 23 నుంచి 24. ఈ మధ్యలో జరిగే పెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే అయిపోతుంది. చిన్నగా పుట్టిన కన్ను కొంత పెరగవచ్చు గానీ పక్క కన్నును అందుకోదు. దీనికి తోడు ఇంకొకటి ఉంది, ఇంట్లో వాళ్లకు ఎవరూ చెప్పనిది. కంటిగూడు ఎముక సరిగా పెరగాలంటే లోపల కన్ను పెరుగుతూ దాన్ని తోస్తుండాలి. తోసేది లేకపోతే గూడు ఇరుకుగా ఉండిపోతుంది, రెప్పలు పొట్టిగా ఉండిపోతాయి, ఆ వైపు ముఖమే వెనకబడుతుంది. ఏడాది ఆగి చూద్దామంటే, ఎముక అతి వేగంగా పెరగాల్సిన ఏడాదిని వదులుకున్నట్లే.

మా వైపు ఈ ఆలస్యానికి కాటుక బాగా తోడ్పడుతుంది. పసిబిడ్డకు కాటుక దిద్దితే కళ్లు పెద్దవవుతాయని నమ్మకం. చిన్న కన్ను కనిపించగానే ఆ కంటికి ఇంకొంచెం దట్టంగా దిద్దుతారు. కాటుక కంటిని పెంచదు, తేడాను మాత్రం కప్పేస్తుంది. బారసాల నాటికి చుట్టాలందరూ చూసి ముచ్చటపడి వెళ్లిపోతారు. బజారు కాటుకల్లో కొన్నింటిలో సీసం ఉంటుందన్నది మరో గొడవ. మొక్కులకు మాత్రం నేను అడ్డుపడను. మా ఇంటి పిల్లలను కూడా బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి పాదాల దగ్గర పడుకోబెట్టి తెచ్చినవాళ్లమే. బురుజుపేట నుంచి పెద్దాసుపత్రికి ఆటోలో ఎంతసేపు? అమ్మవారికి చూపించిన రోజునే డాక్టరుకూ చూపించండి అంటాను, అంతే.

కొలవడం ఎలాగో చెబుతాను. చాలామంది తల్లులు ఈ పరీక్ష పేరు వినగానే బిడ్డకు ఏదో గుచ్చుతారనుకుని వణికిపోతారు. బిడ్డకు కడుపు నిండా పాలు పట్టించమంటాం. చేతులు బయటికి రాకుండా మెత్తని తువ్వాలులో చుడతాం. అమ్మమ్మ రెండు అరచేతులతో తల కదలకుండా పట్టుకుంటుంది. మందు చుక్క ఒకటి వేస్తే కన్ను మొద్దుబారుతుంది. రెప్పలు తెరిచి ఉంచడానికి సన్నని తీగ సాధనం ఒకటి పెట్టి నల్లగుడ్డు అడ్డం ఎంతుందో చూస్తాం. నెలల నిండిన బిడ్డకు అది 9.5 నుంచి 10.5 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. తొమ్మిదికి తగ్గితే చిన్నదని రాస్తాం. అయితే నల్లగుడ్డు చిన్నదైనంత మాత్రాన కన్నంతా చిన్నదని కాదు. నల్లగుడ్డు మామూలుగా ఉండి వెనక భాగం పొట్టిగా ఉండే కళ్లూ ఉన్నాయి. అందుకే అల్ట్రాసౌండుతో కంటి పొడవు తీస్తాం. ఆ వయసు పిల్లల సగటు కంటే ఎంత తక్కువో పట్టికతో పోల్చి చూస్తేనే మైక్రోఫ్తాల్మియా అని తేలేది. లోపల ఏముందో చూసే బి-స్కాన్ అయితే రెప్ప మూసి ఉండగానే, పైన జెల్లీ రాసి చేసేయవచ్చు. పాలు తాగిన మత్తులో బిడ్డ నిద్ర కూడా లేవదు. ఇంత పనికి అడవి దాటి, ఘాట్ దిగి ఏడాది తర్వాత రావడం ఏమిటి?

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, దాని గురించి రాయకుండా ముందుకు పోలేను. ఎడమ కన్ను చిన్నగా ఉందని ఒక పసివాణ్ణి తీసుకొచ్చారు. రెండు నెలలుంటాయి. కుడి కన్ను ఎంత పెద్దదో, ఎంత అందంగా ఉందో, వాళ్ల మేనత్త పోలిక అట. ఎడమ కన్ను కొలిస్తే పదిన్నర, నిక్షేపంగా ఉంది. కుడి కన్ను పన్నెండున్నర. నల్లగుడ్డు మీద సన్నని పొగ కమ్మినట్లుంది. కిటికీ వైపు తిప్పితే బిడ్డ కన్ను మూసుకుని నీళ్లు కారుస్తున్నాడు. ఇంటిల్లిపాదీ మెచ్చుకున్న ఆ పెద్ద కన్నే జబ్బు కన్ను. పుట్టుకతో వచ్చే నీటికాసులు, లోపలి ఒత్తిడికి కన్ను సాగిపోతోంది. దానికి ఆపరేషన్ రోజుల్లో జరగాలి. ‘చిన్న కన్ను, పెద్దయ్యాక సరిపోతుంది’ అన్న సలహా ఆ బిడ్డ విషయంలో చూపునే తీసేసేది. కళ్లు రెండూ సమానంగా లేనప్పుడు ఏది చిన్నదో ఏది పెద్దదో ఇంట్లో తేల్చకూడదు. పైరెప్ప వాలిపోయి కన్ను చిన్నదిగా కనిపించే పిల్లలూ ఉంటారు. అది వేరే కథ, దానికి వేరే వైద్యం.

చిన్నదని తేలాక అసలు ప్రశ్న, చూపు ఉందా, వస్తుందా అన్నది. తల్లిదండ్రులు ‘చిన్న కన్ను’ అంటే ‘గుడ్డి కన్ను’ అని అర్థం చేసుకుంటారు. రెండూ ఒకటి కాదు. లోపల అన్ని భాగాలూ సక్రమంగా ఉండి, పరిమాణం మాత్రమే తగ్గిన కళ్లున్నాయి. వాటికి ప్లస్ పవరు బాగా ఎక్కువగా ఉంటుంది, పది దాటిన అద్దాలు నెలల పిల్లలకు కట్టబెట్టిన సందర్భాలున్నాయి. ఆ దళసరి అద్దాల వెనక బుల్లి కళ్లు ఇంతింతై కనిపిస్తుంటే బంధువులు నవ్వుతారు. నవ్వనివ్వండి. ఆ అద్దాలే లేకపోతే చూడటం నేర్చుకోవాల్సిన వయసులో మెదడుకు స్పష్టమైన బొమ్మ అందదు, తర్వాత ఎన్ని అద్దాలు మార్చినా ఆ నష్టం పూడదు. ఇలాంటి కళ్లలో చోటు ఇరుకు కాబట్టి పెద్దయ్యాక నీటికాసులు వచ్చే ముప్పు ఎక్కువ. అందుకని పరీక్షలు జీవితాంతం మానకూడదు.

కొన్ని చిన్న కళ్లలో శుక్లం ఉంటుంది. కొన్నింటిలో గర్భంలోనే కరిగిపోవాల్సిన రక్తనాళాలు కరగకుండా మిగిలిపోయి ఉంటాయి. కొన్నింటిలో కన్ను రూపుదిద్దుకునేటప్పుడు అడుగున మూసుకోవాల్సిన చీలిక మూసుకోదు. దాన్ని కొలబోమా అంటారు, కంటిపాప కింది వైపు సాగినట్లు కనిపిస్తే అనుమానించాలి. చీలిక లోపల రెటీనాలో, అంటే కంటి వెనక తెరలో, ఉంటే పైకి ఏమీ కనిపించదు కూడా. ఒక కన్నే చిన్నదైనా రెండో కంటిని అంతే శ్రద్ధగా, కంటిపాప పెద్దదయ్యే మందు వేసి చూడాలని పట్టుబట్టేది ఇందుకే. బాగున్న కన్ను అనుకున్నదాని లోపల కొలబోమా దొరికిన పిల్లలు ఉన్నారు.

ఆ తర్వాత డాక్టరు గుండె పరీక్ష, మూత్రపిండాల స్కాన్, చెవి పరీక్ష రాస్తారు. అవసరమైతే మెదడుకు ఎమ్మారై కూడా. పసిపిల్లలకు రేడియేషన్ ఎందుకని సీటీ స్కాన్ వీలైనంత వరకు తప్పిస్తారు. “కంటికి తీసుకొస్తే ఒళ్లంతా పరీక్షలా?” అని విసుక్కునే తండ్రులు ఉన్నారు. విసుగు న్యాయమే, ఖర్చు వాళ్లది. కానీ కన్ను ఒక్కటే చిన్నదై ఊరుకున్న పిల్లలు కొందరైతే, గుండె, చెవి, పిట్యూటరీ గ్రంథి కూడా దెబ్బతిన్న పిల్లలు ఇంకొందరు. ఇన్నింటిలో ఒక్కటే చేయించగలమంటే నేను చెవి పరీక్ష అంటాను. కళ్లు ఆదుకోని బిడ్డకు ప్రపంచం వచ్చేది చెవుల్లోంచే. ఆ దారి తెరిచి ఉందో లేదో మొదటి నెలల్లోనే తెలియాలి.

ఎందుకు వచ్చిందన్న ప్రశ్న వచ్చేసరికి అందరి కళ్లూ తల్లి వైపు తిరుగుతాయి. గ్రహణం నాడు బయటికి వచ్చిందని, కడుపుతో ఉండి ఏదో తిన్నదని. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు. కన్ను రూపుదిద్దుకునేది గర్భం నాలుగో వారం నుంచి ఏడో వారం వరకు. చాలామందికి అప్పటికి తాము కడుపుతో ఉన్న సంగతే తెలియదు. జన్యువుల్లో వచ్చే మార్పులు ముఖ్య కారణం. సాక్స్-2 అనే జన్యువు వాటిలో బాగా పేరుపడ్డది, దాని మార్పు చాలాసార్లు తల్లిలోనూ తండ్రిలోనూ ఉండదు, బిడ్డలోనే కొత్తగా పుడుతుంది. మేనరికాల్లో, అక్క కూతుర్ని చేసుకున్న ఇళ్లలో, ఇద్దరి దగ్గరా దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసి బయటపడే అవకాశం పెరుగుతుంది. ఈ మాట చెప్పినప్పుడు గది నిశ్శబ్దమైపోతుంది. అయినా చెప్పాలి. కోడలిని నిందించడానికి లేచిన నోరు అప్పుడైనా మూతపడుతుంది. మేనరికం కుదిర్చింది ఆ అమ్మాయి కాదు కదా.

గర్భిణికి సోకే రుబెల్లా ఇంకో కారణం. 1941లో సిడ్నీలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు తన దగ్గరికి వస్తున్న పసిపిల్లల్లో శుక్లాలు అసాధారణంగా ఎక్కువగా ఉండటం గమనించాడు. ఆరా తీస్తే ఆ తల్లులకు గర్భం తొలి నెలల్లో రుబెల్లా వచ్చి తగ్గిందని తేలింది. ఆ కళ్లలో కొన్ని చిన్నగా ఉన్నాయని కూడా ఆయన రాశాడు. తల్లి మాటను పరీక్ష ఫలితంలా తీసుకోవడం వల్ల దొరికిన విషయం అది. మన దగ్గర తట్టు-రుబెల్లా టీకా పెద్ద ఎత్తున మొదలైంది 2017లో. ఇప్పుడు తొమ్మిది నెలలు నిండాక ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఒకటి వేస్తున్నారు. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ మాత్ర కూడా గర్భంలో పిండానికి హాని చేస్తుంది. ఎవరి సలహా లేకుండా అది కొనుక్కుని మింగే అమ్మాయిలు ఈ ఒక్క వాక్యమైనా చదవాలి.

ఇప్పుడు అసలు తగువుకు వస్తాను. చూపు రాదని తేలిన కంటికి వైద్యం ఎందుకు? మా వృత్తిలోనే ఒక పెద్దమనిషి నాతో అన్న మాట ఇది: చూపు లేని కంటికి ఇంత హడావిడి దేనికి, ఇరవై ఏళ్లొచ్చాక కృత్రిమ కన్ను పెట్టించుకుంటాడు. ఇరవై ఏళ్లొచ్చాక పెట్టడానికి చోటు ఉండదని ఆయనకు తెలియక కాదు. ముఖం అనేది వైద్యంలో భాగం కాదని ఆయన అభిప్రాయం. నాది వేరు.

ఆ చోటు కోసం మొదటి వారాల్లోనే కన్ఫార్మర్ అనే అచ్చు పెడతారు. మొదటిది శనగగింజంత ఉంటుంది. అక్రిలిక్‌తో చేసింది, నున్నగా, అద్దంలా ఉంటుంది. రెప్పల మధ్య నుంచి లోపలికి జారిస్తే అక్కడ కూర్చుని రెప్పలను, లోపలి పొరను మెల్లగా సాగదీస్తుంది. మొదట్లో కొన్ని వారాలకోసారి, తర్వాత నెలలకోసారి, ఇంకొంచెం పెద్దది. లోపల చిన్న కన్ను ఉంటే దాన్ని తీసేయరు. దాని మీదే కూర్చునేలా పలుచని షెల్ చేస్తారు, ఆ చిన్న కన్ను కూడా గూడు పెరగడానికి ఎంతో కొంత సాయం చేస్తుంది. ఆ కంటికి వెలుతురు తెలిసే ఆశ ఏమాత్రం ఉన్నా షెల్ పారదర్శకంగానే ఉండాలి. రంగు వేసిన షెల్‌తో కప్పేయకూడదు. ముందు చూపు, తర్వాతే ముఖం. ఈ వరుస తప్పితే నేనే గొడవ పెట్టుకుంటాను. అచ్చు అసలు నిలవనంత ఇరుకుగా ఉంటే ఆపరేషన్ చేసి, లోపలి తేమను పీల్చుకుని నెమ్మదిగా ఉబ్బే హైడ్రోజెల్ ముక్కను పెట్టే పద్ధతి ఉంది. ఒంట్లోని చర్మం కింది కొవ్వును తెచ్చి అమర్చే పద్ధతి కూడా ఉంది.

తల్లికి ఇది నేర్పించే రోజు నాకు ఇష్టమైన రోజు, కష్టమైన రోజు కూడా. చేతులు సబ్బుతో కడుక్కోమంటాను. కాచి చల్లార్చిన నీళ్ల గిన్నె పక్కన పెడతాం, అచ్చు జారి కింద పడితే పగలకుండా ఒళ్లో తువ్వాలు పరుస్తాం. పైరెప్పను బొటనవేలితో ఎత్తి, అచ్చు పై అంచును ముందు దాని కిందికి పంపి, తర్వాత కిందిరెప్పను లాగితే లోపలికి వెళ్లి కూర్చుంటుంది. మొదటిసారి ఏ తల్లి చేయీ వణకకుండా ఉండదు. చింతపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి, బడి ముఖం చూడని మనిషి, నేను చూపిస్తుంటే కళ్లార్పకుండా చూసింది. తర్వాత నా చేతిలోంచి అచ్చు తీసుకుని ఒక్క ప్రయత్నంలో పెట్టేసింది. వాళ్లాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తోడు వచ్చిన ఆశా కార్యకర్త మాత్రం నాకూ నేర్పండి మేడం అంది.

ఈ వైద్యంతో రెండు కళ్లూ ఒకేలా అయిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. తేడా మిగులుతుంది. అచ్చు రాత్రిపూట ఊడి పక్కబట్టల్లో పోతుంది, జలుబు చేస్తే పుసులు కడుతుంది, కొలత మారినప్పుడల్లా రావాలి. బాలింతను పాడేరు ఘాట్ మలుపుల్లో బస్సులో కూర్చోబెట్టి, ద్వారకా బస్ స్టేషన్‌లో దించి, మళ్లీ సాయంత్రం బస్సుకు పరుగెత్తించడం మాటలు కాదు. తండ్రికి ఆ రోజు కూలి పోతుంది. అచ్చు ఉచితంగా ఇచ్చినా దారి ఖర్చు ఎవరిస్తారు? ఇలా మధ్యలో మానేసినవాళ్లను ‘నిర్లక్ష్యం’ అని రాసే కాగితాలు చూశాను. ఇంకో సంగతి. ఆడపిల్ల అయితే ‘పెళ్లెలా’ అని పరుగెత్తుకొస్తారు, మగపిల్లవాడైతే ‘వాడికేం లెండి’ అంటారు. బడిలో వెక్కిరించేవాళ్లు ఆ తేడా చూడరు.

రెండు కళ్లూ లేని, లేదా రెండింటా చూపు రాని బిడ్డకు అచ్చులతో పాటు మొదటి నెల నుంచే స్పర్శ, శబ్దం, మాట కావాలి. గుడ్డిపిల్ల అని మంచం మీదే పడుకోబెట్టి ఉంచితే మెడ నిలపడం, పాకడం కూడా ఆలస్యమవుతాయి. దాని గురించి విడిగా రాయాలి.

ప్రభుత్వం ఏమీ చేయడం లేదని అనను. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పిల్లలను పరీక్షించాల్సిన ముప్పై సమస్యల జాబితా ఉంది. అందులో పుట్టుక లోపాలు తొమ్మిది. పుట్టు శుక్లం ఉంది, నెలలు నిండని పిల్లలకు వచ్చే రెటీనా జబ్బు ఉంది. చిన్న కన్ను లేదు. అరుదు కదా అనవచ్చు. కానీ కొత్త యంత్రం ఏదీ అడగడం లేదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త మొదటి ఆరు వారాల్లో ఆరుసార్లు వెళ్లాలని నియమం ఉంది: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. బిడ్డ బరువు తూస్తుంది, జ్వరం చూస్తుంది. పద్నాలుగో రోజుకు రెప్పల వాపు పోయి ఉంటుంది. కాటుక తుడిచి, బిడ్డను నిటారుగా ఎత్తుకుంటే కళ్లు వాటంతట అవే తెరుచుకుంటాయి. రెండు నల్లగుడ్లూ ఒకే సైజులో ఉన్నాయా అన్న ఒక్క గడి ఆ కాగితంలో ఉంటే, ఏడాది తర్వాత వచ్చే బిడ్డ నెల తిరగకముందే వస్తుంది.

రెండో కాన్పు గురించి అడిగే తల్లులకు ఒక మాట. కారణం దొరకని కుటుంబాల్లో మళ్లీ వచ్చే అవకాశం 10 నుంచి 15 శాతం అని అంచనా. జన్యు పరీక్షలో కారణం దొరికితే ఆ అంకె మారుతుంది, చాలాసార్లు బాగా తగ్గుతుంది. ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో రెండు కంటిగూళ్లూ చూస్తారు. మొదటి బిడ్డ సంగతి ముందే చెబితే కళ్లను కొలిచి మరీ చూస్తారు. చెప్పకుండా దాచేవాళ్లే ఎక్కువ.

ఇక సర్టిఫికెట్. ఒక కన్ను పూర్తిగా పోయి రెండోది బాగుంటే మన నిబంధనల ప్రకారం వైకల్యం 30 శాతం. రిజర్వేషన్లకైనా పింఛనుకైనా 40 ఉండాలి. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు ఆరు వేలు, ఈ పిల్లలకు అది రాదు. రెండు కళ్లున్న పిల్లలతో పోటీపడగలరు కాబట్టి ఇవ్వనక్కర్లేదన్న వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఆ ఒక్క కంటికి ఏదైనా అయితే 30 ఒక్కసారిగా 100 అవుతుంది. కాబట్టి ఆ కంటికి పవరు లేకపోయినా సులువుగా పగలని పాలికార్బనేట్ అద్దాలు రాస్తాను. చూపు బాగున్న కంటికి అద్దాలెందుకని, వాటికి డబ్బెందుకని అడుగుతారు. పెన్సిలు మొన, క్రికెట్ బంతి, దీపావళి చిచ్చుబుడ్డి అని ఒక్కొక్కటీ చెబుతాను. నడక వచ్చిన రోజు నుంచి పెట్టండి, స్నానానికి, నిద్రకు తప్ప తీయకండి, తాడు కట్టి ఉంచండి, విరిగితే మర్నాడే రండి.